ప్రశ్నార్థకం లేని పేజీలు

మూడో రోజు కూడా ఆర్లీన్ భర్తకు ఎదురుగా కూర్చోలేదు. పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టి, తన పళ్లెం పట్టుకుని సింకు దగ్గరే నిలబడి తింది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి అలా నిలబడి తింటే చూసేవాళ్లకు బాగుండదు. చూసేవాళ్లెవరూ లేరు గనక ఆ చింత లేదు. ఉన్న ఒక్కడికీ కనిపించదని సోమవారమే తేలిపోయింది.

డెల్మర్ ఫోర్కుతో పళ్లెంలో వెతుక్కుంటున్నాడు. ఓవెన్లో వండిన నూడుల్స్ క్యాసరోల్‌లో వెతకడానికి ఏముంటుంది! అయినా వెతికాడు. అంచు తగిలాక లోపలికి వచ్చి, ఒక ముద్ద గుచ్చుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ దీన్ని వయసుతో వచ్చిన నిదానం అనుకుంది ఆర్లీన్.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"డబ్బా నీ ముందే ఉంది."

అతని చెయ్యి బల్ల మీద కదిలి, సగంలో ఆగింది. ఎక్కడుందని అతను అడగలేదు. ఆమె జరపలేదు. ఉప్పు లేకుండానే తినడం మొదలుపెట్టాడు.

"ఆర్డిత్ రెండింటికి వస్తానంది," అంది ఆర్లీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ.

"తెలుసు."

"ఏం చెప్తావు?"

డెల్మర్ ఇంకో ముద్ద గుచ్చుకున్నాడు. ముప్పై ఏళ్లు ధాన్యం గిడ్డంగిలో కాటా దగ్గర కూర్చున్న మనిషి. లారీ నంబరు, తూకం, తేమ శాతం తప్ప నాలుగో మాట ఆయన నోట విన్నవాళ్లు జిల్లా మొత్తం మీద లేరని అక్కడి రైతులు నవ్వుకునేవాళ్లు.

భోజనాల గదిలో, అసలు భోజనం బల్ల ఉండాల్సిన చోట, పాత కాగితాల ఫిల్ము రీళ్లు చూసే యంత్రం ఉంది. లైబ్రరీ వాళ్లు పారేయబోతుంటే ఇద్దరూ వెళ్లి పికప్‌లో వేసుకొచ్చారు. పదకొండేళ్లయింది. 1885లో ఈ జిల్లాలో ఎవరెవరు ఏ ఇంట్లో ఉన్నారో జనాభా లెక్కలాయన చేత్తో రాసుకున్న కాగితాలన్నీ రీళ్ల మీద ఉన్నాయి. డెల్మర్ ఆ యంత్రం గూట్లో తల దూర్చి చదవాలి. ఆర్లీన్ పక్కన కూర్చుని కంప్యూటర్లో కొట్టాలి. కొట్టింది ఆర్డిత్‌కి పంపితే ఆమె ఇంటర్నెట్‌లో పెడుతుంది. తాతముత్తాతల ఆచూకీ వెతుక్కునే వాళ్లు ఎక్కడెక్కడి నుంచో చూసుకుంటారు. జిల్లాలో ఇలా పనిచేసేవాళ్లు పదహారు మంది. ఎవరికీ జీతం లేదు. ఏడాదికోసారి లూథరన్ చర్చి కింది గదిలో విందు తప్ప.

ఆ పదహారు మందికీ ఒకటే నియమం. కనిపించింది కనిపించినట్టు కొట్టాలి. కనిపించని చోట ప్రశ్నార్థకం పెట్టాలి. నూట పాతికేళ్ల నాటి సిరా, పైగా లెక్కలాయన గుర్రం మీద తిరుగుతూ రాసిన రాత. ఎవరి పేజీ చూసినా పదో పదిహేనో ప్రశ్నార్థకాలు ఉంటాయి. ఈ మూడేళ్లలో ఆర్లీన్, డెల్మర్ పంపిన పేజీల్లో మాత్రం ఒక్కటి కూడా లేదు. పోయినేడు విందులో ఆర్డిత్ లేచి నిలబడి, "హోల్ట్‌మన్ దంపతుల పేజీలంత శుభ్రమైనవి రాష్ట్రంలోనే లేవు," అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆర్లీన్ సిగ్గుపడి నాప్కిన్ మడతపెట్టుకుంటూ కూర్చుంది. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లంతా మంటగా ఉంది ఆమెకు.

"ఎప్పటినుంచి, డెల్?"

మూడు రోజుల్లో ఆ ప్రశ్న అడగడం ఏడోసారి.

"ఆ ఒహాయో ఆవిడకి వేరే పనేం లేదా?" అన్నాడు డెల్మర్.

"అదే ఆవిడ పని. ఇన్నేళ్లకి మన జిల్లాకి సరిచూసే మనిషి దొరికింది. మొన్న పంపిన పేజీ అసలుతో పెట్టి చూసింది. యాభైమందిలో ముప్పై ఒక్కమంది అసలు పుట్టనే లేదట. నువ్వు పుట్టించావు."

"మిగతా పంతొమ్మిది మంది కరెక్టేగా."

ఆర్లీన్‌కి నవ్వు గొంతు దాకా వచ్చింది. వచ్చినందుకు కోపం రెట్టింపైంది. పళ్లెం సింకులో గట్టిగా పెట్టింది.

"నవ్వించకు నన్ను. ఇది నవ్వే విషయం కాదు."

"మనుషుల సంఖ్య ఎక్కడా తప్పలేదు ఆర్లీన్. ఆ విషయం రాసిందా ఆవిడ? లైనుకి ఒక మనిషి. ఇంటి నంబర్లు అంచున ఉంటాయి, అవి కనిపిస్తాయి. నడుమనే కనిపించదు. పేరు, వయసు, పని... అక్కడికి వచ్చేసరికి మరక పడ్డట్టు ఉంటుంది."

"మరకని చెప్పొచ్చుగా! ప్రశ్నార్థకం పెట్టమనొచ్చుగా!"

"పేజీ నిండా పెట్టమనేదా?"

"పెట్టమనాల్సింది."

"మొదటి పేజీకి ఊరుకునేదానివి. రెండో పేజీకి నా మొహం చూసేదానివి. మూడో పేజీకి డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయేదానివి. కారు తాళాలు లాక్కునేదానివి. ఆ యంత్రం మీద దుప్పటి కప్పేదానివి." డెల్మర్ భోజనాల గది వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడు కప్పావుగా. నిన్న చేత్తో తడిమి చూశాను."

కారు మాట ఎత్తేసరికి ఆర్లీన్ గిరుక్కున అతని వైపు తిరిగింది.

"పోయిన ఆదివారం నన్ను చర్చికి తీసుకెళ్లావు!"

"రోడ్డుకి అంచులుంటాయి."

"దేవుడా!"

"నలభై ఏళ్లుగా వెళ్తున్న రోడ్డు."

"ఎదురుగా వచ్చేవాళ్లు నలభై ఏళ్లుగా అక్కడే నిలబడి లేరు డెల్!"

అతను తలవంచుకుని రొట్టెముక్కతో పళ్లెం తుడవసాగాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. ఆ చెయ్యి చూస్తుంటే ఆర్లీన్‌కి జాలేసింది. జాలి పడటం ఇష్టం లేక ఇంకో నేరం వెతుక్కుంది. అది ఆమె కడుపులో మూడేళ్లుగా మగ్గుతున్నదే.

"నాతో మాట్లాడేటప్పుడు గోడవైపు చూస్తావు. ఎన్నాళ్లనుంచో. ముసలిదాన్నయ్యాను, చూడబుద్ధి కావడం లేదేమో అనుకున్నాను. నా చెల్లెలితో కూడా చెప్పుకుని ఏడ్చాను."

డెల్మర్ రొట్టె వదిలేశాడు.

"గోడవైపు చూస్తేనే నువ్వు కనిపిస్తావు," అన్నాడు. "నీవైపు తిరిగితే నువ్వు పోతావు. పక్కకి తిరిగితే ఈ కొసన కొంచెం నిలబడతావు."

ఆర్లీన్ కుళాయి తిప్పింది, కట్టేసింది. నలభై ఆరేళ్ల కాపురంలో ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు మూడేళ్లపాటు చెరో చోట ఒంటరిగా బతకగలరని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఎవరిని తప్పుపట్టాలో తెలియక అతని ముందున్న పళ్లెం తీసేసింది.

ఉప్పు డబ్బా మాత్రం అక్కడే ఉంది, అతని చేతికి జానెడు దూరంలో.

రెండు కాకముందే ఆర్డిత్ వచ్చింది. చేతిలో రుబార్బ్ పై, పుల్లటి కాడలతో చేసిన పిండివంట. ఈ ఊళ్లో చావు కబురుకైనా చేతిలో గిన్నె లేకుండా ఎవరూ గడప దాటి రారు. యాభై ఏళ్ల మనిషి, లైబ్రరీ ఉద్యోగి, పదహారు మందికీ పెద్ద. కోటు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది.

"కాఫీ పెట్టనా?" అంది ఆర్లీన్.

"వద్దండి. అంటే... పెట్టండి, కొంచెం."

ఆర్లీన్ పెట్టలేదు. ముగ్గురూ కూర్చున్నారు.

"డెల్మర్ గారూ, మీ మీద ఎవరికీ కోపం లేదు," అంది ఆర్డిత్. "ముందు ఆ మాట చెప్పమన్నారు అందరూ."

"అందరూ అంటే ఊరంతా తెలిసిపోయిందన్నమాట," అన్నాడు డెల్మర్.

ఆర్డిత్ ముఖం ఎర్రబడింది. సంచిలోంచి కాగితాలు తీసి మోకాళ్ల మీద సర్దుకుంది.

"చూడండి, మీ ఇద్దరివీ ఎనిమిది వందల యాభై రెండు పేజీలున్నాయి. ఏ పేజీ దాకా మంచివో మీరు చెప్తే అవి ఉంచుతాను, తర్వాతవి తీసేస్తాను. చెప్పకపోతే మొత్తం తీసెయ్యాలి. తప్పులున్నాయని తెలిసీ ఉంచలేం కదా. జనం వాటిని చూసే వంశవృక్షాలు గీసుకుంటున్నారు."

"ఆ ఒహాయో ఆవిడ సరిచూస్తుందిగా," అన్నాడు డెల్మర్.

"పాత రీళ్లు ఎప్పుడో రాష్ట్ర రాజధానికి, లింకన్‌కి వెళ్లిపోయాయి. మళ్లీ తెప్పించి, ఒక్క మనిషి అన్నీ చూసేసరికి నా మనవలకి మనవలు పుడతారు. మీరు చెప్పాల్సిందే. ఇంకెవరికీ తెలియదు."

ఆర్లీన్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. పదకొండేళ్లు. శీతాకాలాల్లో మంచు మోకాలి ఎత్తు పడ్డప్పుడు, వేసవిలో గాలివాన సైరన్ మోగినప్పుడు, వేరే వాళ్లంతా పిల్లలనీ మనవలనీ తిరుగుతుంటే వీళ్లిద్దరూ ఆ గదిలో కూర్చుని పోగుచేసిన మనుషులు. వీళ్లకు చెప్పుకోదగ్గ సంపాదన ఏదైనా ఉందంటే అదే. అతను నోరు విప్పకపోతే సాయంత్రానికి ఏమీ మిగలదు.

"క్రిస్మస్ తర్వాత," అన్నాడు డెల్మర్.

ఆర్డిత్ తలెత్తింది. "ఈ క్రిస్మసేనా?"

"ఆ. ప్లమ్ గ్రోవ్ టౌన్‌షిప్ రీలు మొదలుపెట్టాం. నాలుగో పేజీ దాకా బాగానే ఉంది. అక్కణ్నుంచి."

"అంటే నలభై పేజీలే!" ఆర్డిత్ ఊపిరి పీల్చుకుని గబగబా రాసుకుంది. "నలభై ఎంతసేపండీ! ఇంకెవరైనా మళ్లీ చదివేస్తారు. నేను ఏమేమో ఊహించుకుని రాత్రంతా నిద్రపోలేదు తెలుసా? ఆర్లీన్ గారూ, ఇప్పుడు పెట్టండి కాఫీ."

ఆర్లీన్ లేచింది. ఒక్క క్షణం ఆమెకు కూడా ప్రాణం లేచి వచ్చింది. కాఫీ డబ్బా మూత తీసింది. మూత చేతిలో ఉండగానే స్పోకేన్ నుంచి ఫోన్ చేసిన పెద్దమనిషి గుర్తొచ్చాడు. కిందటి ఆగస్టులో. తన తాతకు ఒక చెల్లెలుందని ఇంట్లో చెప్పుకునేవారట, ఎక్కడా ఆనవాలు దొరకలేదట. వీళ్ల పేజీలో దొరికింది. విల్హెల్మీనా, ఇరవై నాలుగేళ్లు, కుట్టుపని, అన్నగారింట్లో కాపురం. ఆ మనిషి ఫోన్లో ఏడ్చాడు. కుటుంబపు సమాధి రాయి మీద ఆమె పేరు చెక్కిస్తున్నామని చెప్పాడు.

ఆ విల్హెల్మీనాని డెల్మర్ చదివిన రోజు ఆర్లీన్‌కి బాగా గుర్తుంది. "కుట్టుపని. కుడుతూ పాడుతుంది," అన్నాడు గూట్లోంచి. "పాటకి కూడా గడి ఉందా లెక్కల్లో?" అంది తను. "లేదు. పక్కన రాసుకున్నాడు లెక్కలాయన. చెవి కోసుకున్నట్టున్నాడు పాపం," అన్నాడు. ఆ పూట ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. అది జూన్ నెల. క్రిస్మస్‌కి ఆరు నెలల ముందు.

డెల్మర్ అబద్ధం చెప్తున్నాడు.

మరి ఎప్పటినుంచి? అతను చెప్పక్కర్లేదు. అది తనకు తెలుసని ఆర్లీన్‌కి అప్పుడే తట్టింది. మొదట్లో అతను చదివే తీరు కాటా దగ్గర కేక వేసినట్టే ఉండేది. పేరు, వయసు, పని. పేరు, వయసు, పని. మధ్యలో "కనిపించలేదు, ప్రశ్నార్థకం." అంతే. మధ్యాహ్నం అంతా పక్కపక్కన కూర్చున్నా ఆమెతో వేరే మాట ఉండేది కాదు. ఒక మార్చి నెలలో, గుర్రపు జీన్లు కుట్టే వాన్‌స్ట్రమ్ ఇంటి దగ్గరికి వచ్చేసరికి, "మామగారు, ఎనభై రెండేళ్లు. పని, అల్లుడి మీద నేరాలు చెప్పడం," అన్నాడు. ఆమె కీబోర్డు మీద చేతులు ఆపేసింది. "నిజంగా అలా రాసుందా?" "రిటైరయ్యాడని రాసుంది. అర్థం అదే." కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది ఆర్లీన్. పని ఆపి ఇద్దరికీ కాఫీ తెచ్చింది. పెళ్లయిన కొత్తలో కూడా ఆ మనిషి అలా మాట్లాడలేదు. ఆ రోజునుంచి మధ్యాహ్నం రెండు ఎప్పుడవుతుందా అని ఎదురుచూడటం అలవాటైంది ఆమెకు.

మాట్లాడకుండా కాఫీ పోస్తే సరిపోతుంది. నలభై పేజీలు పోతాయి, మిగతావి ఉంటాయి. స్పోకేన్‌లో ఒక రాయి మీద లేని మనిషి పేరు ఉంటుంది, అంతే కదా.

ఆర్లీన్ కాఫీ డబ్బా మూత పెట్టేసింది. భోజనాల గదిలోకి వెళ్లి, దుప్పటి కింద నుంచి తను ఏ రోజు ఏ పేజీ కొట్టిందీ రాసుకునే నోటుపుస్తకం తీసుకొచ్చింది. పేజీలు తిప్పింది. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆర్డిత్, రాసింది కొట్టెయ్."

"ఏంటండీ?"

"ప్లమ్ గ్రోవ్ కాదు. రష్ క్రీక్ టౌన్‌షిప్, పదకొండో పేజీ. అక్కణ్నుంచి తీసెయ్."

ఆర్డిత్ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది. ఆమె నోరు తెరుచుకుంది. "అది మూడేళ్ల కిందటిది. అక్కణ్నుంచంటే రెండు వందల పైన పేజీలండీ. మీకు ఖాయంగా తెలుసా?"

"ఆర్లీన్," అన్నాడు డెల్మర్ మెల్లగా. "ఆయన చెప్పిన మాట రాసుకోనీ ఆమెని."

తన గురించే "ఆయన" అంటున్నాడు. వేరెవరో అబద్ధం చెప్పి వెళ్లిపోయినట్టు.

"వాన్‌స్ట్రమ్ ఇంట్లో మామగారు ఉన్నాడా డెల్?"

డెల్మర్ బల్ల అంచు తడిమాడు.

"ఉన్నాడా, లేడా? ఒక్క మాట."

డెల్మర్ ముఖం గోడవైపు తిరిగింది. తనను చూడటానికే తిరిగాడని ఈసారి ఆర్లీన్‌కి తెలుసు. తెలిసినా తట్టుకోవడం కష్టంగానే ఉంది.

"ఆ లైనులో ఎవరో ఉన్నారు," అన్నాడు చివరికి. "ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అదే మొదటిది."

ఆర్డిత్ రాసింది కొట్టేసి మళ్లీ రాసుకుంది. "సాయంత్రం లైబ్రరీ మూసేలోపు తీసేస్తాను," అంది గొంతు తగ్గించి. స్పోకేన్ ఆయన నంబరు ఇవ్వమంటే, తనే చెప్తానంది ఆర్లీన్. గుమ్మం దగ్గర ఆర్డిత్ ఆమెని కౌగిలించుకోబోయింది, ఎందుకో ఆగి, భుజం తట్టి వెళ్లిపోయింది. ఆమె తెచ్చిన పిండివంట ఎవరూ ముట్టుకోలేదు.

ఆర్లీన్ వెనక్కి వచ్చేసరికి డెల్మర్ అక్కడే ఉన్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ పేజీ అని ఎలా కనుక్కున్నావు?" అన్నాడు.

"ఆ రోజు నవ్వాను కాబట్టి. అంతకు ముందు ఆ గదిలో నేను నవ్వింది లేదు."

అతను బల్ల మీది రొట్టెపొడి వేళ్లతో పోగుచేశాడు.

"అయితే మిగిలినవి నేను నీతో ఒక్క ముక్క మాట్లాడని ఏళ్లన్నమాట."

"అవును."

"ఒక్క తప్పు లేదు వాటిలో," అన్నాడు డెల్మర్.

"తెలుసు. అన్నీ నిజాలే."

సాయంత్రానికి ఈ ఇంట్లో ఆమె నవ్విన మూడేళ్లూ తీసేస్తారు. తీసెయ్యమన్నది తనే. మళ్లీ అడిగినా అదే చెప్తుంది. అయినా ఆర్లీన్‌కి ఏడుపు ఆగలేదు. ఏడుస్తున్నట్టు అతనికి కనిపించదు గనక ధైర్యంగా ఏడ్చింది. తర్వాత గొంతు సవరించుకుని, సోమవారం నుంచి అడగాల్సింది ఇదేనని ఇప్పుడే తెలిసినట్టు అడిగింది.

"కళ్లు పోయాకే ఎందుకు మాట్లాడావు డెల్? అన్నీ కనిపించినన్నాళ్లూ ఏమైంది?"

"అప్పుడు చదవడానికి పేజీ ఉండేది."

ఆర్లీన్ తల ఊపింది. ఊపితే అతనికి తెలియదని గుర్తొచ్చి, "ఊ," అంది.

"ఇప్పుడు ఏ పేజీ లేదు," అంది. "మాట్లాడు."

డెల్మర్ నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆమె కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకుని కూర్చుంది.